మానవరక్తనాళములపై ఓషధీపరీక్ష – భేషజపరీక్షాక్రమము : పునర్నవావిచారము

విషయప్రవేశము

ఓషధుల కషాయములను, సారములను మానవరక్తనాళపు తునుకపై ప్రయోగించి, ఆ నాళము ముడుచుకొనుచున్నదో సడలుచున్నదో కొలుచు పరీక్షలు నేడు పెక్కు వైద్యవిద్యాలయములలో జరుగుచున్నవి. రక్తపుపోటునకును హృద్రోగమునకును క్రొత్తమందులను వెదకుటలో ఇది యొక మార్గము. ఈ పరీక్షలకై మన దేశమున ఎన్నుకొనబడు మొక్కలలో పెక్కు చరక సుశ్రుత వాగ్భటాదుల గ్రంథములందు పేర్కొనబడినవే. కావున ఈ విషయము రసాయనశాస్త్రజ్ఞునకు మాత్రమే చెందినది కాదు. సంస్కృతపదముల అర్థమును నిర్ణయించువానికిని ఇందు పని కలదు. ఏ పేరు ఏ మొక్కను చెప్పుచున్నది, ఏ పదము ఏ శరీరభాగమును చెప్పుచున్నది, ఏ కల్పన విధింపబడినది అను మూడింటిని తేల్చక చేసిన పరీక్ష, ఎంతటి సూక్ష్మయంత్రముతో చేసినదైనను, తాను దేనిని పరీక్షించినదో చెప్పజాలదు. ఈ యంశమును పునర్నవ యను ఓషధిని ప్రధానముగా గొని నిరూపించుట ఈ వ్యాసమున కుద్దేశము.

పునర్నవను గ్రహించుటకు కారణము కలదు. కోనసీమ జిల్లాలోని కె.గంగవరం మండలము గౌతమీ గోదావరి యొడ్డున నున్న డెల్టాభూమి. అచ్చటి కాలువగట్లపైనను, పొలముగట్లపైనను, కొబ్బరితోటల యంచులందును తొలకరి తరువాత నేలబారుగ ప్రాకు మొక్కలలో అటికమామిడియు గలిజేరును ముఖ్యములు. రెండును పునర్నవ పేరుతోనే వ్యవహారమున నున్నవి. ఈ మండలమునందలి కోటిపల్లి సోమేశ్వరక్షేత్రపు స్థలపురాణము, ఓషధీశుడైన చంద్రుడే అచ్చట శివుని ప్రతిష్ఠించి, తాను కోల్పోయిన కాంతిని మరల పొందినట్లు చెప్పుచున్నది. చరకసంహిత రాజయక్ష్మచికిత్సలో చంద్రుని క్షయవృత్తాంతమును చెప్పి, అశ్వినీదేవతలు ఆతనికి చికిత్స చేసిరనినది. ఓషధుల కధిపతికైనను చికిత్స తప్పలేదను భావము రెండుచోట్లను సమానము.

ఈ విచారము కేవలము పండితవినోదము కాదు. 2003–04 సంవత్సరములలో ఉభయగోదావరి జిల్లాల గ్రామములు 45 గ్రహించి, ఒక సంవత్సరకాలమున జరిగిన మరణముల కారణములను పరిశీలింపగా, 1354 మరణములలో నూటికి 32 రక్తప్రసరణవ్యవస్థకు చెందిన వ్యాధులవలన కలిగినవని తేలినది. పల్లెలలో జ్వరములును అంటువ్యాధులునే ప్రధానమృత్యుకారణములను పూర్వాభిప్రాయమును ఇది మార్చినది. ఇట్టి ప్రాంతమున గట్టుమీది మొక్క రక్తనాళమునకు మేలుచేయునా యను ప్రశ్న ప్రాణముతో ముడిపడిన ప్రశ్న.

పరీక్షాస్వరూపము

ముందుగా పరీక్ష ఎట్లు జరుగునో తెలియవలెను. హృదయశస్త్రచికిత్సలో ఉపయోగింపగా మిగిలిన వక్షోధమని తునుకలు, కాలి సిరల తునుకలు, ప్రసవానంతరము లభించు బొడ్డుత్రాటి నాళములు – ఇవి రోగుల యనుమతితోను, నీతిసంఘముల యామోదముతోను గ్రహింపబడును. నాళమును కొద్ది మిల్లీమీటర్ల వెడల్పుగల ఉంగరములుగ కోసి, రెండు సన్నని తీగెల నడుమ తగిలించి, 37 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిగల లవణద్రావణమున వ్రేలాడదీయుదురు. ఆ ద్రావణములోనికి నూటికి 95 పాళ్లు ప్రాణవాయువు, 5 పాళ్లు బొగ్గుపులుసుగాలి కలసిన వాయువును బుడగలుగ పంపుదురు. నారడ్రినలిన్ వంటి ద్రవ్యముతో ఉంగరమును ముడుచుకొనజేసి, పిమ్మట ఓషధీసారమును కొంచెము కొంచెముగ పెంచుచు చేర్చి, తీగెపై బిగువు ఎంత తగ్గినదో కొలుతురు.

ఈ పరీక్షాచరిత్రలో ఒక ఘట్టము మన శాస్త్రమును చదివినవారికి మిక్కిలి పరిచితముగ తోచును. 1980లో అమెరికాకు చెందిన ఫర్చ్‌గాట్, జవడ్జ్కీ యనువారు కుందేటి బృహద్ధమనిపై ప్రయోగములు చేయుచు, ఎసిటైల్‌కోలిన్ అను ద్రవ్యము ఒకప్పుడు నాళమును సడలించుటకును మరొకప్పుడు ముడుచుటకును కారణమును కనుగొనిరి. ఉంగరమును సిద్ధపరచునపుడు ఎండోథీలియమను లోపలి పొర రాపిడిచే తొలగిపోయినచో సడలింపు జరుగదు. అది చెడక యున్నచో జరుగును. ఆ పొరనుండి వెలువడు సందేశము నైట్రిక్ ఆక్సైడ్ అను వాయువని తరువాత తేలినది. దీనికి సంబంధించిన కృషికై ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అను మువ్వురకు 1998లో నోబెల్ బహుమానము లభించినది. ద్రవ్యమొకటే, నాళమొకటే, సిద్ధపరచిన విధము మారగా ఫలము తలక్రిందులైనది. సంస్కారభేదముచే గుణభేదము కలుగునని ఆయుర్వేదము చెప్పునది ఇచ్చట నాళవిషయమున ప్రత్యక్షమైనది. నాళసంస్కారమున ఇంత జాగరూకత యవసరమైనపుడు, దానిపై ప్రయోగింపబడు ఓషధి విషయమున అంతకంటె తక్కువ జాగరూకత చాలునా?

శాస్త్రోక్తములైన ప్రశ్నలు

చరకసంహిత సూత్రస్థానమున ఆప్తోపదేశము, ప్రత్యక్షము, అనుమానము, యుక్తి అని నాలుగువిధములైన పరీక్ష చెప్పబడినది. ఆప్తవాక్యము మొదట నిలిచినను అది యొక్కటియే చాలునని చెప్పబడలేదు. విమానస్థానపు ఎనిమిదవ యధ్యాయమున భేషజమును పరీక్షించువిధము ప్రత్యేకముగ వివరింపబడినది. ఈ ద్రవ్యము స్వభావమెట్టిది, గుణమెట్టిది, ప్రభావమెట్టిది, ఏ దేశమున పుట్టినది, ఏ ఋతువున, ఏ విధముగ గ్రహింపబడినది, ఎట్లు నిలువచేయబడినది, ఎట్లు సంస్కరింపబడినది, ఎంత మాత్రతో, ఏ వ్యాధియందు, ఎట్టి పురుషునకు ఈయబడినచో ఏ దోషమును వెడలించును లేక శమింపజేయును – అని ఆ ప్రశ్నల క్రమము. మరియొకచోట గొల్లలు, గొఱ్ఱెల మేకల కాపరులు, వనచరులు మొక్కల పేర్లను రూపములను ఎరిగియుందురనియు, నామరూపజ్ఞానము మాత్రముచే ఎవ్వడును ఓషధితత్త్వము నెరిగినవాడు కాడనియు ఆ సంహితయే చెప్పినది. అనగా పేరు, రూపము, యోగము అను మూడును తెలియవలెను. ఇందు మొదటిది నామనిర్ణయము.

నామనిర్ణయము

అటికమామిడికి వృక్షశాస్త్రనామము బోయర్‌హేవియా డిఫ్యూజా. దీనినే ఎర్రగలిజేరు అనియు అందురు. దీనికి లోతైన లావుపాటి వేరు, పొడుగు కాడలపై చిన్న గులాబివన్నె పూవులు, బట్టకంటుకొను జిగురుకాయలు ఉండును. గలిజేరు లేక తెల్లగలిజేరు ట్రయాంథిమా పోర్టులకాస్ట్రమ్. దీని యాకులు కండగలవై, జంటలో ఒకటి పెద్దది ఒకటి చిన్నదిగ నుండును, పూవు ఆకుతొడిమ యొరలో ఒదిగియుండును, గింజలు నల్లనివి. ఈ రెండును రెండు వేరువేరు కుటుంబములకు చెందినవి. కాని రెండును నేలబారు మొక్కలగుటచేతను, గలిజేరు పేరు రెంటికిని అంటియుండుటచేతను, పూవులేని కాలమున కోసి యెండబెట్టిన తీగెలు కలిసిపోవుట సులభము.

ప్రాచీనులు ఈ భేదమును ఎరుగనివారు కారు. చరకుడు స్వేదోపగదశేమానియందు వృశ్చీరమును, పునర్నవను వేర్వేరుగ లెక్కించెను. వ్యాఖ్యాతలు వృశ్చీరమును శ్వేతపునర్నవ యనిరి. భావప్రకాశము శ్వేతరక్తభేదముతో రెంటిని చెప్పినది. నేటి భారత ఆయుర్వేద ఔషధసంహిత రక్తపునర్నవను బోయర్‌హేవియా డిఫ్యూజాగ నిర్ణయించినది. శ్వేతపునర్నవ యేదియను విషయమున మాత్రము పండితులలో ఏకాభిప్రాయము లేదు. పలువురు ట్రయాంథిమాను చెప్పగా, కొందరు బోయర్‌హేవియా జాతిలోని తెల్లపూవుల మొక్కను చెప్పిరి.

ఇచ్చట నిరుక్తియు కొంత దారి చూపుచున్నది. పునర్నవ యనగా మరల క్రొత్తదగునది. అటికమామిడి బహువార్షికము, వేసవిలో పైభాగమంతయు ఎండినను వేరు భూమిలో జీవించియుండి వానకు మరల చిగిర్చును. గలిజేరు ఏకవార్షికము, అది చచ్చిపోయి, దాని గింజనుండి వేరొక మొక్క వానకు పుట్టును. వర్షాభువు, అనగా వర్షమున పుట్టునది, అను పేరు దీనికి యథార్థముగ సరిపోవును. పునర్నవ యను పేరు అటికమామిడికే పూర్ణముగ అన్వయించును. నిఘంటువులు ఈ పదములను పర్యాయములుగ చెప్పినను, యుక్తి యీ వివేకమును సమర్థించుచున్నది. కె.గంగవరం గట్లపై వేసవిలో భూమిని త్రవ్వి చూచినచో బ్రతికియున్న వేరు దేనిదో ఎవరికైనను తెలియును.

నామభ్రాంతి ఎంత ప్రమాదకరమో దేశాంతరవృత్తాంత మొకటి చెప్పుచున్నది. చీనావైద్యమున ఫాంగ్‌జీ అను పేరు ఒకటికంటె ఎక్కువ మొక్కలకు చెల్లును. వానిలో స్టెఫానియా టెట్రాండ్రా యొకటి. దీనిలోని టెట్రాండ్రిన్ అను ద్రవ్యము కాల్షియము ప్రవేశమును అడ్డి రక్తనాళమును సడలించును. మరియొకటి అరిస్టలోకియా ఫాంగ్‌చీ. ఇది మూత్రపిండములకు విషము. 1990ల యారంభమున బెల్జియములో బరువు తగ్గుటకిచ్చిన గుళికలలో మొదటిదానికి బదులు రెండవది చేరుటవలన నూరుమందికి పైగా మూత్రపిండములు చెడిపోయినవి. మొక్కలు రెండు, పేరొకటి. తెలియని యౌషధము విషముతోను శస్త్రముతోను అగ్నితోను సమానమను చరకుని హెచ్చరిక అక్షరాల నిజమైనది.

మన ప్రాంతమునను ఇట్టి సందేహము మద్దిచెట్టు విషయమున కలదు. అర్జునవృక్షము తెల్లమద్ది, ఏటిగట్లపై పెరుగుటచే ఏరుమద్ది యనియు పేరు. నల్లమద్ది వేరు చెట్టు. అంగడిలో మద్దిపట్ట యని యమ్మబడునది ఏ మద్దిదో చూచుకొనవలసియున్నది.

పదార్థనిర్ణయము

రెండవది శరీరవాచకముల విషయము. నేటి తెలుగు పాఠ్యపుస్తకములలో ధమని యనగా హృదయమునుండి రక్తమును గొనిపోవు నాళము; సిర యనగా హృదయమునకు రక్తమును తెచ్చు నాళము. ఇది ఆధునికకాలమున ఏర్పరచుకొన్న సంకేతము. చరకుడు ధ్మానమువలన ధమనులు, స్రవణమువలన స్రోతస్సులు, సరణమువలన సిరలు అని వ్యుత్పత్తి చెప్పెను. అనగా స్పందించుట, స్రవించుట, ప్రవహించుట అను వ్యాపారములనుబట్టి యా పేర్లు. సుశ్రుతుడు సిరలు 700 అని చెప్పి, వాత పిత్త కఫ రక్తములను వహించునవి ఒక్కొక్కటి 175 చొప్పున విభజించెను. ధమనులు 24 నాభినుండి బయలుదేరునని చెప్పెను. కావున గ్రంథమున సిర యని కనబడిన ప్రతిచోటను నేటి సిరను గ్రహించి, కాలిసిర తునుకపై ప్రయోగించి, శాస్త్రవాక్యము ఋజువైనదని గాని కాలేదని గాని చెప్పుట సరికాదు.

హృద్యశబ్దము ఇంకను మోసపుచ్చునది. హృద్యమనగా హృదయమునకు హితమని యర్థము చెప్పి, హృద్యగణమును హృద్రోగౌషధముల పట్టికగ భావించువారు కలరు. చరకుని హృద్యదశేమానిని చూడుడు: ఆమ్రము, ఆమ్రాతకము, లకుచము, కరమర్దము, వృక్షామ్లము, అమ్లవేతసము, కువలము, బదరము, దాడిమము, మాతులుంగము. మామిడి, అంబాళము, వాక, రేగు, దానిమ్మ, మాదీఫలము – ప్రాయికముగ పుల్లని ఫలములు; నోటికి రుచియు మనస్సునకు ప్రీతియు కలిగించునవి. నేడు హృదయౌషధముగ ప్రసిద్ధమైన అర్జునము ఇందు లేదు. దానిని చరకుడు ఉదర్దప్రశమనగణమున చేర్చెను. అర్జునత్వక్కును పాలతో కాచి హృద్రోగమున నిచ్చు విధానము చక్రదత్తము వంటి తరువాతి గ్రంథములందు స్పష్టముగ కనబడుచున్నది. శాస్త్రము ఒక్కనాడు ఒక్కచోట పుట్టినది కాదు. తరతరములుగ అనుభవముచే పెరిగినది. ఏ గుణము ఏ గ్రంథమున ఎప్పుడు చెప్పబడినదో చూడక, అంతయు వేదకాలమునుండి యున్నదనుట శాస్త్రమునకు గౌరవము కాదు.

రక్తపుపోటు విషయమునను ఇంతే. బాహువునకు పట్టీ కట్టి పోటును కొలుచు సాధనము 1896లో ఇటలీ వైద్యుడు రివా రోచ్చీ నిర్మించినది. దానికి శబ్దశ్రవణవిధానమును 1905లో రష్యావైద్యుడు కొరోట్కోఫ్ చేర్చెను. కొలతచే మాత్రమే తెలియు ఈ స్థితికి ప్రాచీనగ్రంథమున సరిసమానమైన పేరు వెదకుట వ్యర్థము. పునర్నవకు శోథఘ్ని యను పేరు కలదు. అది వాపును హరించుననియు మూత్రమును జారీచేయుననియు శాస్త్రము. నాళమును సడలించునని శాస్త్రము చెప్పలేదు. కావున నాళపరీక్షలో పునర్నవ విఫలమైనను శోథఘ్ని యను పేరు అబద్ధము కాదు. సఫలమైనను అది శాస్త్రవాక్యమునకు ఋజువు కాదు, క్రొత్తగ తెలిసిన విషయము.

కల్పనావిచారము

మూడవది సంస్కారము. జపానులో జరిగిన పరిశోధనలో పునర్నవామూలమునుండి లిరియోడెండ్రిన్ అను ద్రవ్యము వేరుచేయబడి, అది కాల్షియము ప్రవేశమును అడ్డునట్లు 1991లో ప్రకటింపబడినది. ఆ సారము మెథనాల్ అను ద్రవముతో తీయబడినది. శాస్త్రమున విధింపబడిన క్వాథమో నీటితో కాచునది. మెథనాల్‌లో కరగునదంతయు నీటిలో కరగదు. నీటిలో కరగునదంతయు దానిలో కరగదు. కావున ఆ ఫలమును చూపి, గట్టుమీది అటికమామిడి కషాయము నాళములను సడలించునని చెప్పుట తొందరపాటు.

నీటికషాయముతో పరీక్షించినను వేరొక చిక్కు కలదు. పునర్నవలో పొటాషియము నైట్రేటు మున్నగు లవణములు అధికముగ నున్నవి. ఉంగరము మునిగియున్న ద్రావణమున పొటాషియము పెరిగినచో నాళము ముడుచుకొనునన్నది ప్రసిద్ధవిషయము. అందుచే కషాయములోని సడలించు ద్రవ్యమును లవణములు కప్పివేయవచ్చును. అదే పొటాషియము భుజించినవాని శరీరమున మూత్రపిండములద్వారా వేరొక గతి పొందును. మద్దిపట్టలో వలె కషాయరసము మెండుగాగల ద్రవ్యములు మాంసకృత్తులను పట్టి బిగించును. ఆ బిగింపు ఔషధప్రభావము కాదు. భుజింపబడిన ద్రవ్యము జఠరాగ్నిచే పక్వమై విపాకమును పొందిన పిదపనే శరీరమున వ్యాపించునని శాస్త్రము. తొట్టిలో వ్రేలాడు ఉంగరమునకు జఠరాగ్ని లేదు. కావున ఉంగరపరీక్ష ద్రవ్యమునకు నాళముతో గల సాక్షాత్సంబంధమును మాత్రమే చూపగలదు.

దీనికి సర్పగంధి ప్రబలమైన నిదర్శనము. 1931లో సేన్, బోస్ అను కలకత్తా వైద్యులు పాతాళగంధియను పేరుగల ఈ వేరు ఉన్మాదమునకును రక్తపుపోటునకును పనిచేయునని ప్రకటించిరి. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తన రోగుల యనుభవమును బ్రిటిష్ హృద్రోగపత్రికలో ప్రకటింపగా లోకము దృష్టి దీనిపై పడినది. 1952లో స్విట్జర్లండులో దీనినుండి రిసర్పిన్ వేరుచేయబడినది. ఈ ద్రవ్యము నాళపుగోడను తక్షణము సడలించుటచే కాక, నాడుల కొసలయందు నిలువయున్న నారడ్రినలిన్‌ను క్రమముగ హరించుటచే పనిచేయును. ఉంగరము తక్షణమే సడలినదా యని మాత్రమే అడుగు పరీక్షలో దీని శక్తి పట్టుబడకపోవచ్చును. దీనికి రెండవ ముఖము కూడ కలదు: అధికమాత్రలలో నిచ్చినపుడు కొందరియందు తీవ్రమైన మనోవిషాదము కనబడినది. మాత్రను, పురుషుని చూచి యిమ్మను విధి నిష్ప్రయోజనము కాదు.

ఇక సజీవమానవునియందే నాళమును పరీక్షించు విధానమొకటి కలదు. చేతికి పట్టీ బిగించి, అయిదు నిమిషముల తరువాత విడిచి, రక్తము వేగముగ ప్రవహింపగా బాహుధమని ఎంత విస్తరించినదో అతిధ్వనియంత్రముతో కొలుతురు. 2004లో ప్రకటింపబడిన ఇందోరు వైద్యుల పరిశోధనలో పొగత్రాగు 18 మంది పురుషులకు అర్జునమును 500 మిల్లీగ్రాముల చొప్పున దినమునకు మూడుమార్లు రెండువారములు, ఉత్తుత్తి మందును మరి రెండువారములు ఇచ్చి, ఏది యేదో ఇరుపక్షములకు తెలియకుండ పరీక్షింపగా, అర్జునకాలమున ధమనీవిస్తారము మెరుగైనది. సంఖ్య స్వల్పము, కాలము స్వల్పము. అయినను భుజించిన పురుషునియందే ఫలమును చూచుటచే ఇది భేషజపరీక్షాక్రమమునకు సమీపమైనది.

పూర్వచరిత్రము

ఈ వివాదము తెలుగువారికి క్రొత్తది కాదు. 1918లో మద్రాసు ప్రభుత్వము దేశీయౌషధములను పరీక్షించుటకు డాక్టరు కోమన్‌ను నియమించెను. ఆయన నివేదికలను ఆయుర్వేదపండితులు తీవ్రముగ ఆక్షేపించిరి. అటుపిమ్మట 1921లో మహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షతను, కెప్టెన్ జి. శ్రీనివాసమూర్తి కార్యదర్శిగను ఒక సంఘము ఏర్పడి, దేశీయవైద్యులనుండి సంస్కృతాంధ్రాది భాషలలో సమాధానములు స్వీకరించి, 1923లో నివేదిక సమర్పించెను. దాని ఫలితముగ 1925లో మద్రాసున ప్రభుత్వ దేశీయవైద్యపాఠశాల వెలసినది. పరీక్షయే కూడదనుట ఒక యతివాదము. శాస్త్రమును అడుగకయే పరీక్షింపవచ్చుననుట మరియొక యతివాదము. రెంటికిని నడుమ నున్న మార్గము ఆ సంఘపు కృషియందు గోచరించుచున్నది.

ఉపసంహారము

కె.గంగవరం గట్టున పునర్నవను సేకరించి మానవనాళముపై పరీక్షింపదలచినవాడు వ్రాసియుంచవలసిన విషయములు ఇవి: మొక్క పూవుతోను కాయతోను వేరుతోను కూడిన నమూనా, సేకరించిన గట్టు, నెల, వేరా, సమూలమా, నీడన నెండినదా, ఎండలోనా, ఎంతకాలము నిలువయున్నది, ఎంత నీటిలో కాచి ఎంతకు దింపినది, ఆ కషాయమున పొటాషియమెంత. పొలముగట్టు మొక్కయగుటచే పురుగుమందుల యవశేషమును కూడ చూడవలెను. ఆ పిమ్మట లవణములు మాత్రమే గల సమానద్రావణముతో పోల్చి, లోపలి పొర గల ఉంగరముపైనను, లేని ఉంగరముపైనను ప్రయోగింపవలెను. ఇవన్నియు చరకుడడిగిన ప్రశ్నలకు నేటి సమాధానములే.

మానవనాళపు తునుక రోగి తన శరీరమునుండి ఇచ్చిన దానము. పేరు తేలని యాకును దానిపై ప్రయోగించుట ఆ దానమును వ్యర్థపరచుటయే. అట్లే, పరీక్ష పూర్తికాకమునుపే గట్టుమీది కషాయమును నమ్మి రక్తపుపోటునకు వాడుచున్న మందును మానుటయు ప్రాణాపాయము. శాస్త్రమునందు గౌరవముగలవాడు ఆ రెంటిని కూడ నివారింపవలెను. పదమును శోధించు పండితుడును నాళమును శోధించు వైద్యుడును ఒకే మొక్క ముందు కలిసి కూర్చుండినపుడే, పునర్నవ రక్తనాళమునకు ఏమి చేయునను ప్రశ్నకు నమ్మదగిన సమాధానము లభించును.